వెయ్యి విజయాలు గొప్పవా, నూటికి డెబ్బై మూడు గొప్పదా?

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): మా అబ్బాయి అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివాడు. మా కోడలు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివింది. ఒంగోలులో ఉండే మా వియ్యంకుడు గారు పండుగకు కలిసినప్పుడల్లా, “బావగారూ, ఫుట్‌బాల్ గెలుపు శాతంలో మా అమ్మాయి కళాశాలే ముందుంది” అంటారు. దేశం మొత్తం మీద వెయ్యి గెలుపులు మొదట పూర్తి చేసింది మిషిగన్ జట్టేనని నేను అంటాను. చరిత్ర మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే ఏ జట్టు మేటిదో న్యాయంగా తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: మీ మాటా నిజమే, వియ్యంకుడు గారి మాటా నిజమే. మీరు ఎన్ని గెలిచారని చూస్తున్నారు, ఆయన ఆడినవాటిలో ఎంత భాగం గెలిచారని చూస్తున్నారు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన పాఠశాల మైదానాల్లో కాలితో తన్నే ఆట కాదని, కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అని మిగిలిన పాఠకుల కోసం ముందుగా చెబుతున్నాను. ఆ ఆటలో కళాశాలల మధ్య మొదటి మ్యాచ్ 1869 నవంబరు 6న జరిగింది. ప్రిన్స్‌టన్‌పై రట్గర్స్ 6–4 తేడాతో గెలిచింది. మిషిగన్ 1879లోనూ, ఒహాయో స్టేట్ 1890లోనూ ఆడటం మొదలుపెట్టాయి. మొత్తం గెలుపుల సంఖ్యలో పదకొండేళ్లు ముందుగా మొదలుపెట్టిన జట్టుకు సహజంగానే అనుకూలత ఉంటుంది. మిషిగన్ 2023 నవంబరు 18న మేరీలాండ్‌ను 31–24తో ఓడించి వెయ్యో విజయం సాధించింది, ఆ సీజన్‌లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేత అయింది. 2024 సీజన్ ముగిసేసరికి దాని లెక్క 1012 గెలుపులు, 358 ఓటములు, 36 టైలు.

గెలుపు శాతానికి వస్తే రెండు జట్లూ నూటికి 73 దగ్గరే ఉన్నాయి. ఒహాయో స్టేట్ కొంచెం ముందున్న మాట వాస్తవమే కాని, ఆ తేడా ఒక్క శాతం కూడా లేదు. మిషిగన్ ఆడిన 1406 మ్యాచ్‌లలో ఒక శాతం అంటే సుమారు 14 మ్యాచ్‌లు, అంటే దాదాపు 145 ఏళ్ల చరిత్రలో పదేళ్లకు ఒక మ్యాచ్. అసలు తేడా అంతకన్నా తక్కువ. గాలివాటుకు పక్కకు పోయిన ఒక కిక్కు, చివరి నిమిషంలో చేయి జారిన ఒక బంతి అటూ ఇటూ చేయగలిగిన తేడా అది. అంత సన్నని తేడాను ఆధారం చేసుకొని ఒక జట్టు మరొక దానికన్నా గొప్పదని తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

అంతకన్నా పెద్ద సంగతి ఎవరిని గెలిచారన్నది. 1901లో మిషిగన్ 11 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ సీజన్ మొత్తంలో 550 పాయింట్లు సాధించి ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించినందుకు) ఇప్పటిలా ఆరు కాక అయిదు పాయింట్లే ఇచ్చే రోజుల్లో బఫెలో జట్టుపై 128–0తో గెలిచింది. 1902 జనవరి 1న జరిగిన మొదటి రోజ్ బౌల్ (సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక మ్యాచ్)లో స్టాన్‌ఫర్డ్‌ను 49–0తో ఓడించింది. అంతకు ముందు 1888లో యేల్ జట్టు 13 మ్యాచ్‌లలో 698 పాయింట్లు చేసి, తానొక్క పాయింటూ ఇవ్వలేదు. 1916లో జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్‌ను ఓడించిన స్కోరు 222–0. రికార్డు పుస్తకంలో ఇవన్నీ ఒక్కొక్క గెలుపే. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ రెండు మ్యాచ్‌లు ఓడిపోయి కూడా, పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో టెనెసీ, ఒరెగాన్, టెక్సస్, నోటర్‌డామ్ జట్లను వరుసగా ఓడించి జాతీయ విజేతగా నిలిచింది. ఆ నాలుగూ పుస్తకంలో నాలుగు గెలుపులే. నూటికి నూరు శాతంగా నమోదైన 1901 సీజన్ కన్నా 14 గెలుపులు, 2 ఓటములతో 87.5 శాతంగా నమోదైన 2024 సీజన్ చిన్నదని చెప్పడానికి నాకు మనసొప్పదు.

మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ విషయం వివరించనవసరం లేదు. రెండు పళ్ల విభాగంలో ఒక జత నిర్ణీత సమయంలో లాగిన దూరాన్ని, అంతకన్నా బరువైన బండను లాగిన సీనియర్ విభాగపు జత దూరంతో పోల్చి ఎవరూ బహుమతి ఇవ్వరు. అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో ఇలాంటి విభజన స్పష్టంగా వచ్చింది 1978లో; పై స్థాయి ఆటను రెండుగా విడదీశారు. వాటిలో మొదటి శ్రేణిని 2006 నుంచి ఎఫ్‌బీఎస్ అనీ, రెండో శ్రేణిని ఎఫ్‌సీఎస్ అనీ పిలుస్తున్నారు. తొమ్మిది వందలకు పైగా గెలుపులున్న యేల్ 1982 నుంచి రెండో శ్రేణిలో ఆడుతోంది. అందువల్ల దాని మొత్తం గెలుపులను మిషిగన్ గెలుపుల పక్కన పెట్టి పోల్చలేము. యేల్ కీర్తికి ఇది లోటు కాదు; ఆటకు తొలి రూపం ఇచ్చిన కళాశాలల్లో అది ముఖ్యమైనది. అలాగని రెండో శ్రేణి జట్టుతో మ్యాచ్ అంటే గెలుపు ఖాయమని కూడా అనుకోకూడదు. 2007 సెప్టెంబరు 1న మిషిగన్ సొంత మైదానంలోనే, అప్పటికి రెండో శ్రేణిలో ఉన్న అప్పలాచియన్ స్టేట్ జట్టు 34–32తో దాన్ని ఓడించింది. మిషిగన్ అభిమానులు ఈనాటికీ మరచిపోలేని ఓటమి అది. దీన్ని మీ వియ్యంకుడు గారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఇక కాలం సంగతి. ఎక్కడ గీత గీస్తే అక్కడినుంచి కథ మారిపోతుంది. ఈ రెండు జట్లూ మొదటిసారి 1897లో తలపడినప్పుడు మిషిగన్ 34–0తో గెలిచింది. 1918 వరకు జరిగిన 15 మ్యాచ్‌లలో మిషిగన్ 13 గెలిచింది, రెండు టై అయ్యాయి. ఒహాయో స్టేట్ తన మొదటి విజయం కోసం 1919 దాకా ఆగవలసి వచ్చింది; అప్పుడు స్కోరు 13–3. ఆ తొలి కాలాన్ని చేర్చి చూస్తే మిషిగన్‌ది పైచేయి. 2012 నుంచి 2019 వరకు మాత్రమే చూస్తే ఎనిమిదికి ఎనిమిదీ ఒహాయో స్టేట్‌వే. 2020లో కరోనా కారణంగా మ్యాచ్ జరగలేదు. 2021 నుంచి 2024 వరకు చూస్తే నాలుగుకు నాలుగూ మిషిగన్‌వి. వాటిలో చివరిది, 13–10తో ముగిసినది, ఒహాయో స్టేట్ జాతీయ విజేత అయిన సీజన్‌లోనే జరిగింది. మీ ఇద్దరిలో ఎవరు కావాలనుకున్నా తమకు నచ్చిన సంవత్సరం దగ్గర లెక్క మొదలుపెట్టి గెలవవచ్చు. కాబట్టి అంకెలు చూడకముందే ఏ సంవత్సరం నుంచి లెక్కించాలో ఇద్దరూ కూర్చొని ఒప్పందానికి రావడం మంచిది. ఆ సంవత్సరం ఆటలో నిజమైన మార్పు వచ్చినదై ఉండాలి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి దొరికిన 1906 అలాంటిదే. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వారి వారపు ర్యాంకులు స్థిరంగా మొదలైన 1936, శ్రేణులు విడిపోయిన 1978 కూడా అలాంటివే.

నన్ను ఎంచుకోమంటే 1936ను ఎంచుకుంటాను. అప్పటినుంచి వేర్వేరు ప్రాంతాల జట్లను ఒకే కంటితో చూసే అలవాటు దేశమంతటా ఏర్పడింది. అలా చూస్తే తొలినాటి లెక్కల నీడలో కనిపించని జట్లు ముందుకు వస్తాయి. ఒక్లహోమా 1953 నుంచి 1957 వరకు వరుసగా 47 మ్యాచ్‌లు గెలిచింది. 1957 నవంబరు 16న నోటర్‌డామ్ 7–0తో ఆ వరుసను ఆపింది. పై స్థాయి కళాశాల ఆటలో అంత పొడవైన విజయాల వరుస మరొకటి లేదు. నెబ్రాస్కా 1969 నుంచి 2001 వరకు 33 సీజన్లలో ఒక్కదానిలోనైనా తొమ్మిదికన్నా తక్కువ గెలుపులతో ముగించలేదు, ఆ వ్యవధిలో అయిదు జాతీయ టైటిళ్లు పొందింది. కాని 1999 తరువాత తాను ఆడే జట్ల కూటమి (కాన్ఫరెన్స్) టైటిల్ కూడా దానికి దక్కలేదు. మొత్తం చరిత్రకు ఒకే శాతం కట్టినప్పుడు ఆ వైభవమూ, తరువాతి పతనమూ రెండూ అందులో కలిసిపోయి దేని ఆనవాలూ కనబడదు. అందుకే ఒకే అంకె బదులు, జట్టు చరిత్రను పాతికేళ్ల ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క ముక్కకు శాతం కట్టి పక్కపక్కన పెట్టుకోమని నా సలహా. మీ అబ్బాయికీ కోడలికీ చెబితే ఒక సాయంత్రంలో ఆ పట్టిక తయారు చేసి పంపగలరు.

ప్రశ్న (సింగరాయకొండ నుంచి విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు ఒకరు): గెలుపు శాతం కట్టేటప్పుడు టై అయిన మ్యాచ్‌లను ఏం చేస్తారు? వదిలేస్తారా, ఓటమిగా లెక్కిస్తారా?

జవాబు: కళాశాల ఫుట్‌బాల్‌లో టైని అర గెలుపు, అర ఓటమిగా లెక్కించడమే ఆనవాయితీ. గెలుపులకు టైలలో సగం కలిపి, ఆడిన మొత్తం మ్యాచ్‌లతో భాగిస్తారు. పైన ఇచ్చిన మిషిగన్ అంకెలతో చేస్తే 1030ని 1406తో భాగించాలి, 73.3 శాతం వస్తుంది. టైలను పూర్తిగా వదిలేస్తే 73.9, గెలవనివాటిగా లెక్కిస్తే 72.0. అంటే పద్ధతి మారితేనే దాదాపు రెండు శాతం అటూ ఇటూ అవుతుంది. రెండు మేటి జట్ల మధ్య ఉన్న తేడాకన్నా ఇది ఎక్కువ కాబట్టి, ఎవరైనా శాతం చెప్పినప్పుడు టైలను ఏం చేశారని అడగడం అవసరం. 1996 నుంచి అదనపు సమయం నిబంధన రావడంతో టైలు పోయాయి. పాత రికార్డుల్లో మాత్రం అవి శాశ్వతంగా ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పేరు పడ్డది 1966 నవంబరు 19న నోటర్‌డామ్, మిషిగన్ స్టేట్ జట్ల మధ్య 10–10గా ముగిసిన మ్యాచ్.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక న్యాయవాది): కొన్ని జట్ల గెలుపులను తరువాత రద్దు చేశారని విన్నాను. మైదానంలో జరిగిపోయిన దానిని కాగితం మీద ఎలా రద్దు చేస్తారు? శాతం కట్టేటప్పుడు ఏ లెక్క తీసుకోవాలి?

జవాబు: కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ సంస్థ, అర్హత లేని ఆటగాడిని ఆడించినట్లు తేలినప్పుడు ఆ మ్యాచ్‌లలో వచ్చిన గెలుపులను జట్టు లెక్కలోంచి తీసివేస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి, న్యాయవాదిగా మీకు ఈ తేడా ఆసక్తి కలిగిస్తుంది. గెలుపును ప్రత్యర్థికి ఇచ్చివేయడం ఒకటి, గెలుపును ఊరికే రద్దు చేయడం మరొకటి. అలబామా 1993లో మైదానంలో 9 గెలిచి, 3 ఓడి, ఒకటి టై చేసుకుంది. తరువాత అందులో 8 గెలుపులూ ఆ టై కూడా ఓటములుగా మారడంతో ఆ సంవత్సరపు అధికారిక లెక్క ఒక గెలుపు, 12 ఓటములు అయింది. అదే జట్టు 2005 నుంచి 2007 వరకు సాధించిన 21 గెలుపులను, ఆటగాళ్లకు ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకాల విషయంలో జరిగిన దుర్వినియోగం వల్ల రద్దు మాత్రమే చేశారు. అందువల్ల 2007లో 7 గెలిచి 6 ఓడిన జట్టు పుస్తకంలో 2 గెలిచి 6 ఓడిన జట్టుగా ఉంది.

రద్దులో ఒక వింత ఉంది. గెలిచినవారి గెలుపు పోతుంది, ఓడినవారి ఓటమి మాత్రం అలాగే ఉంటుంది. 2010లో ఒహాయో స్టేట్ 37–7తో మిషిగన్‌ను ఓడించింది. కొందరు ఆటగాళ్లు తమకు దక్కిన బహుమతులను అమ్ముకోవడం, పచ్చబొట్లకు మారుగా ఇచ్చుకోవడం బయటపడి ఆ సీజన్‌లోని 12 గెలుపులు రద్దయ్యాయి. ఇప్పుడు పుస్తకం ప్రకారం ఆ మ్యాచ్‌లో మిషిగన్ ఓడింది, కాని ఒహాయో స్టేట్ గెలవలేదు. దేశంలోని జట్లన్నిటి గెలుపులూ ఓటములూ కూడితే రెండు మొత్తాలు సమానంగా రావాలి. ఈ విధానం వల్ల అలా రావు. నోటర్‌డామ్ కూడా 2012, 2013 సీజన్లలోని 21 గెలుపులను ఇలాగే పోగొట్టుకుంది. చరిత్ర మొత్తపు శాతంలో అగ్రస్థానం కోసం మిషిగన్‌తో పోటీ పడుతున్న జట్టుకు అది గట్టి దెబ్బ. రద్దయినవి తిరిగి రావడం కూడా ఉంది. పెన్ స్టేట్ శిక్షకుడు జో పాటర్నో కాలపు 111 గెలుపులను 2012లో రద్దు చేసి, 2015లో పునరుద్ధరించారు. ఆయన మొత్తం 298కి పడిపోయి మళ్లీ 409కి చేరింది. ఆ మధ్యలో మైదానంలో ఏమీ మారలేదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. శిక్ష వేయడం ఎన్‌సీఏఏ హక్కు, ఆ శిక్షను పుస్తకంలో రాయడం కూడా సమంజసమే. కాని జట్ల బలాన్ని పోల్చడానికి కట్టే శాతంలో మైదానపు ఫలితాన్నే తీసుకోవాలి. ఆ రోజు ఆడినవారి బలం ఎంతో ఆ ఫలితమే చెబుతుంది. రద్దు చెప్పేది జట్టు యాజమాన్యపు నడవడిని గురించి. రెండు పట్టికలు వేరుగా ఉంచి, దేనికి దాన్ని వాడటమే ధర్మం.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి): జట్ల పట్టిక ఒకటి నేనే తయారు చేస్తున్నాను. శాతం ప్రకారం వరుస పెడితే ఎవరికీ తెలియని జట్లు పైకి వచ్చేస్తున్నాయి. నా లెక్క తప్పా?

జవాబు: మీ లెక్క సరైనదే అయి ఉండవచ్చు. ఉదాహరణకు జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయ జట్టు 2022లో మొదటి శ్రేణికి వచ్చింది. ఆ ఏడాది 8 గెలిచి 3 ఓడింది, తరువాతి ఏడాది 11 గెలిచి 2 ఓడింది, 2024లో 9 గెలిచి 4 ఓడింది. మూడు సీజన్లలో 37 మ్యాచ్‌లకు 28 గెలుపులు, అంటే 75.7 శాతం. కాగితం మీద అది మిషిగన్‌నూ ఒహాయో స్టేట్‌నూ దాటిపోయింది. ఇప్పుడు రెండు జట్లకూ నాలుగేసి గెలుపులు ఓటములయ్యాయని అనుకొని చూడండి. జేమ్స్ మాడిసన్ 64.9కి పడిపోతుంది, మిషిగన్ 73.3 నుంచి 73.0కి మాత్రమే దిగుతుంది. తక్కువ మ్యాచ్‌ల శాతం అంత తేలికగా ఊగుతుంది.

దీనికి ఒక సులువైన మార్గం ఉంది. ప్రతి జట్టుకూ 50 గెలుపులు, 50 ఓటములు ఊహించి కలపండి. అన్ని జట్లనూ సగటు జట్టుగా భావించి మొదలుపెట్టి, అవి ఆడిన ఆటను బట్టి ఆ అభిప్రాయాన్ని సవరించుకోవడం ఇందులోని ఆలోచన. అప్పుడు జేమ్స్ మాడిసన్ 137కు 78, అంటే 56.9 శాతం దగ్గర ఉంటుంది. మిషిగన్ 1506కు 1080తో 71.7 దగ్గర ఉంటుంది. వంద మ్యాచ్‌లే ఎందుకు, యాభై ఎందుకు కాకూడదని మీరు అడగవచ్చు. అది మీరు నిర్ణయించుకోవలసిన విషయం. రెండు మూడు విలువలతో చేసి వరుస ఎంత మారుతుందో చూసి, ఏది వాడారో పట్టిక కింద రాయండి.

ఇంకొక మెట్టు ఎక్కాలనుకుంటే ప్రత్యర్థుల బలాన్ని కూడా చేర్చండి. ఒక జట్టు ఆ సీజన్‌లో ఆడిన ప్రత్యర్థులు ఒక్కొక్కరి గెలుపు శాతం తీసుకోండి. ఆ జట్టుతోనే ఆడిన మ్యాచ్‌ను అందులోంచి మినహాయించండి, లేకపోతే బాగా ఆడిన జట్టుకు తన గెలుపులే శత్రువులవుతాయి. వాటి సగటును జట్టు సొంత శాతం పక్కన రాసుకోండి. రెండింటినీ కలిపి ఒకే అంకెగా మార్చాలన్న తొందర వద్దు.

జట్టు చరిత్రను ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న మీకు కూడా ఎదురవుతుంది. జేమ్స్ మాడిసన్ 1972 నుంచి ఆడుతోంది, రెండో శ్రేణిలో 2004లోనూ 2016లోనూ జాతీయ టైటిల్ గెలుచుకుంది. ఆ గెలుపులను మొదటి శ్రేణి పట్టికలో చేర్చకూడదని నా అభిప్రాయం, కాని పక్కన వేరే గడిలో తప్పక చూపండి. ఆ జట్టును మొదటి శ్రేణికి తెచ్చి నిలబెట్టిన శిక్షకుడు కర్ట్ సిగ్నెటీ 2024 సీజన్‌కు ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. మొదటి శ్రేణి చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఒకటైన ఇండియానా, 2023లో 3 గెలిచి 9 ఓడిన ఇండియానా, ఆయన వచ్చిన మొదటి ఏడాదే 11 గెలిచి 2 మాత్రమే ఓడింది. అంతకు ముందు ఆ జట్టు ఒక్క సీజన్‌లోనూ పది గెలుపులు చూడలేదు. కనుక మీ పట్టికలో సంవత్సరం, గెలుపులు, ఓటములు, టైలు రాసే గడుల పక్కనే శిక్షకుడి పేరుకు కూడా ఒక గడి పెట్టండి. శాతాలను కాలాల వారీగా విడగొట్టేటప్పుడు గుండ్రని సంవత్సరాల కన్నా శిక్షకులు మారిన సంవత్సరాలే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.